కీబోర్డు మీద కామాటిపుర: డాస్ కాలపు తెలుగు రాతపై కొన్ని గమనికలు

కామాటిపుర అనగానే బయటివారికి ఒకే వృత్తి గుర్తుకు వస్తుంది. ఆ పేటకు పేరు పెట్టింది మాత్రం వేరొక వృత్తి. 1780లలో హార్న్‌బీ వెల్లార్డ్ అనే అడ్డుకట్ట పూర్తయి సముద్రపు పోటునీరు ఆగిపోయాక, బొంబాయి దీవుల నడిమి పల్లపు నేలలు క్రమంగా నివాసానికి పనికివచ్చాయి. ఆ శతాబ్ది చివర నుంచి అక్కడ గుడిసెలు వేసుకున్నవారు కట్టడపు పనుల కోసం నిజాం రాజ్యం నుంచి వచ్చిన తెలుగు కూలీలు, తాపీ పనివారు. వారిని ఆ నగరం కామాటీలని పిలిచింది. ఈ మాటను 'పని' అనే అర్థం గల 'కామ్'తో ముడిపెట్టేవారూ ఉన్నారు, మన 'కమతం'తో ముడిపెట్టేవారూ ఉన్నారు. ఆ వివాదం ఇక్కడ తేల్చబోము. ఈ వ్యాసానికి కావలసింది ఆ పేరు వ్రాసే తీరు. తెలుగువారు 'కామాటి' అని టకారంతో, హ్రస్వంతో వ్రాస్తారు. మరాఠీవారు ఠకారంతో, దీర్ఘంతో వ్రాస్తారు. ఈ రెండు వర్ణక్రమాల మధ్య దూరం ఎంతో, పాత కంప్యూటర్లలో దాన్ని ఎలా కొలవవచ్చునో ముందుకు చూద్దాం.

కామాటిపుర గల్లీలలోనూ, తరువాత వచ్చిన పద్మశాలి మిల్లు కార్మికులు నివసించిన వర్లీ, లోయర్ పరేల్, ప్రభాదేవి చాళ్ళలోనూ తెలుగు ఇంటి భాషగా తరతరాలు నిలిచింది. లిపి అలా నిలవలేదు. ముంబయి నగరపాలిక తెలుగు మాధ్యమ పాఠశాలలు నడుపుతూ వచ్చిన మాట నిజమే కాని, ఆ బడులకు వెళ్ళే పిల్లల సంఖ్య తగ్గుతూ వచ్చింది. మరాఠీ బడికి వెళ్ళినవారికి తెలుగు మాట వచ్చు, తెలుగు అక్షరం రాదు. ఈ పత్రిక చదివే విద్యార్థులలో చాలామందికి ఇది కొత్త సంగతి కాదు. డర్బనులోనో, హ్యూస్టనులోనో, ఖరగ్‌పూరులోనో మీ ఇంట్లో ఇదే కథ నడిచి ఉంటుంది. తేడా ఒక్కటే. కామాటిపుర పిల్లవాడికి చేతిలో ఉన్న రెండవ లిపి రోమన్ కాదు, నాగరి. అది తెలుగు లిపికి తోబుట్టువు. రెండింటికీ ఒకే వర్ణమాల.

ఈ తోబుట్టువు వరస పాతదే. 1873 సెప్టెంబరు 24న జోతీరావు ఫూలే పుణెలో సత్యశోధక్ సమాజాన్ని స్థాపించినప్పుడు, బొంబాయిలో ఆయనకు అండగా నిలిచినవారిలో తెలుగు కామాటీలు ముఖ్యులు. వెంకు బాళోజీ కాళేవార్, జాయా కరాడీ లింగూ, రామయ్య వెంకయ్య అయ్యవారు మొదలైన వారి పేర్లు ఆ ఉద్యమ చరిత్రలో కనిపిస్తాయి. ఆ దశాబ్దంలోనే సమాజానికి ఒక అచ్చుయంత్రాన్ని కానుకగా ఇచ్చినవారు కూడా ఈ బొంబాయి తెలుగు మిత్రులే. తెలుగువారి డబ్బుతో వచ్చిన యంత్రం మరాఠీ ఉద్యమానికి పోయింది. దాన్ని లోపంగా మేము చూడము. వారు ఏ ఊళ్ళో బ్రతికారో ఆ ఊరి వాదంలో పాలుపంచుకున్నారు. ఐతే తమ భాషను తమ చేతితో రాయడానికి ఒక సాధనం వారి మనుమల ముని మనుమల కాలానికి గాని దొరకలేదు. అది దొరికిన కాలమూ అల్పమే.

1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో సుమారు 2,50,000 మంది బట్టల మిల్లు కార్మికులు సమ్మెకు దిగారు. ఆ తరువాత చాలా మిల్లులు మూతపడ్డాయి. తండ్రి వెనుక కొడుకు మగ్గం మీదికి వెళ్ళే దారి మూసుకుపోయింది. అప్పటిదాకా ఇంగ్లీషు, మరాఠీ టైపు నేర్పుతూ వచ్చిన ఇన్‌స్టిట్యూట్లు 1980ల చివరికి పక్క గదిలో రెండు మూడు కంప్యూటర్లు పెట్టి 'వర్డ్‌స్టార్, లోటస్, డీబేస్' అనే మూడు పేర్ల కోర్సు మొదలుపెట్టాయి. దేశమంతటా ఇదే త్రయం. ఇందులో రాతకు సంబంధించినది వర్డ్‌స్టార్.

మౌసు పట్టి పెరిగిన నేటి విద్యార్థికి దీన్ని కొంచెం వివరించాలి. వర్డ్‌స్టార్‌ను 1978లో మైక్రోప్రో అనే అమెరికన్ సంస్థ విడుదల చేసింది. ప్రోగ్రాము రాసినవాడు రాబ్ బార్నబీ. డాస్ కంప్యూటర్లకు అది 1982లో వచ్చింది. అప్పటి కీబోర్డులన్నిటిలోనూ బాణం గుర్తుల కీలు ఉండేవి కావు. అందుచేత ఎడమచేతి కిందనే నాలుగు దిక్కులు అమర్చారు. కంట్రోల్ కీ నొక్కిపట్టి 'ఇ' నొక్కితే కర్సరు పైకి, 'ఎక్స్' నొక్కితే కిందికి, 'ఎస్' నొక్కితే ఎడమకు, 'డి' నొక్కితే కుడికి పోతుంది. ఇంకొంచెం ఎడంగా ఉన్న 'ఎ', 'ఎఫ్' నొక్కితే ఒక్కొక్క మాట చొప్పున దూకుతుంది. ఒక పేరాను మరొక చోటికి మార్చాలంటే మొదట్లో కంట్రోల్ కె, బి; చివర్లో కంట్రోల్ కె, కె; కావలసిన చోటికి వెళ్ళి కంట్రోల్ కె, వి. కంట్రోల్ వై నొక్కితే వాక్యం మధ్యలో ఉన్నా సరే పంక్తి మొత్తం పోతుంది. తొలి వెర్షన్లలో పోయింది తిరిగి రాదు. రెండు వారాలు కష్టపడినవాడికి ఇక తెర మీద మెనూ అక్కరలేదు, కీల వంక చూడనక్కరలేదు.

భాషాశాస్త్రం చదివినవారిగా మమ్మల్ని ఆకర్షించేది ఈ ఆజ్ఞలలో ఉన్న రెండు జాతులు. బ్లాకుకు 'బి' అన్నది ఇంగ్లీషు మాట తెలిసినవాడికి గుర్తుండే ఆజ్ఞ. 'ఇ-ఎస్-డి-ఎక్స్' అలాంటిది కాదు; ఆ అక్షరాలకు దిక్కులతో ఏ సంబంధమూ లేదు, అవి ఉన్న చోటే వాటి అర్థం. కీ మీద ఏ అక్షరం అచ్చువేసి ఉన్నా, అసలేమీ లేకపోయినా, అది పనిచేస్తుంది. చోటును బట్టి అర్థం తెలిసే ఈ పద్ధతి భారతీయ లిపుల కీబోర్డుకు మరింత గొప్పగా వర్తించింది.

భారత ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖ 1986లో ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డును ప్రామాణికం చేసింది. ఎడమచేతి వైపు అచ్చులు, గుణింతాలు. కుడిచేతి వైపు హల్లులు. అల్పప్రాణం మామూలుగా, మహాప్రాణం షిఫ్టుతో. క ఉన్న కీ మీదే షిఫ్టుతో ఖ, త ఉన్న కీ మీదే షిఫ్టుతో థ. హ్రస్వానికి ఒక కీ, దాని పైవరస కీ మీద దీర్ఘం. ఇది రెమింగ్టన్ టైపుమిషను లాగా అక్షరాల ముక్కలను పేర్చింది కాదు, మన వర్ణమాలను పేర్చింది. పైగా బ్రాహ్మీ నుంచి పుట్టిన లిపులన్నిటికీ ఒకే అమరిక. మరాఠీలో క ఎక్కడ ఉంటుందో తెలుగులోనూ అక్కడే.

కాన్పూరు ఐ.ఐ.టి.లో మొదలై, మోహన్ తాంబే బృందంతో పాటు పుణెలో 1988లో ఏర్పడిన సి-డాక్‌కు చేరిన జిస్ట్ కార్డు ఈ కీబోర్డుకు డాస్ కంప్యూటరులో ప్రాణం పోసింది. కంప్యూటరు లోపల ఒక చీలికలో ఆ కార్డు బిగిస్తే, ఇంగ్లీషు కోసం రాసిన వర్డ్‌స్టార్, డీబేస్ వంటి ప్రోగ్రాములే భారతీయ లిపులలో పనిచేసేవి. క్యాప్స్‌లాక్ వెలిగితే మన లిపి, ఆరితే ఇంగ్లీషు. కంట్రోల్‌తో నొక్కిన 'డి' కర్సరును కుడికి జరుపుతుంది. అదే 'డి' ఒంటరిగా పొల్లు పెడుతుంది. 'ఇ' ఒంటరిగా దీర్ఘం, 'ఎస్' ఏత్వం, 'ఎక్స్' సున్న. నాలుగు దిక్కుల కీలే నాలుగు తెలుగు గుర్తుల కీలు కావడం కాకతాళీయమే గాని, ఒకసారి నేర్చిన వేళ్ళకు అది మరచిపోయే సంగతి కాదు.

ఈ కార్డు అక్షరాలను దాచుకునే సంకేతావళి పేరు ఇస్కీ. 1988లో ఒక రూపం, 1991లో భారతీయ ప్రమాణంగా స్థిరమైన రూపం. ఒక్కొక్క వర్ణానికి 128 పైన ఒక సంఖ్య. క 179, మ 204, ట 189. స్త్ర అన్నది కంటికి ఒక్క అక్షరమే గాని ఫైలులో స, పొల్లు, త, పొల్లు, ర అని ఐదు సంఖ్యలు. ఒత్తులను తగినచోట కూర్చడం కార్డు పని. అసలు సంగతి ఏమంటే, ఈ సంఖ్యలు తెలుగువి కావు, మరాఠీవి కావు. 179 అంటే 'క' అనే వర్ణం. దాన్ని ఏ లిపిలో చూపమంటే ఆ లిపిలో చూపుతుంది. ఫైలు తెరిచి లిపి మారిస్తే మరాఠీ జాబు మొత్తం తెలుగు అక్షరాలలో నిలబడుతుంది.

ఇక కామాటిపుర యువకుణ్ణి ఒకణ్ణి ఊహించుకుందాం. మరాఠీ బడిలో చదివాడు, మరాఠీ ఇన్‌స్క్రిప్ట్ నేర్చాడు, ఇంట్లో తెలుగు మాట్లాడతాడు, తెలుగు చదవలేడు. చాళ్ పెద్దలు మార్కండేయ జయంతికి తెలుగులో ఒక పిలుపు కావాలన్నారు. అతడు నాగరి తెర మీద తెలుగు మాటలు చెవికి వినిపించినట్లు కొట్టి, లిపి మారిస్తే, పెద్దలు చదువుకోగల తెలుగు కాగితం వస్తుంది. అతడికి తెలుగు అక్షరం ఒక్కటీ రానక్కరలేదు. రెండు శతాబ్దాలలో ఇలాంటి వీలు మరొకటి లేదు: మాట వచ్చి అక్షరం రానివాడు, తన మాటను తన చేతితో, తన భాష లిపిలో పెట్టగలగడం. కార్డు ఖరీదైనది కనుక ఎన్ని చాళ్ళకు అది చేరగలదన్న ప్రశ్న న్యాయమైనదే. అయినా వీలంటూ ఉన్నదా లేదా అన్నది వేరే ప్రశ్న. చరిత్రకారులు ఆ రెంటినీ కలిపివేస్తారు.

ఆ కాగితం తప్పులు లేకుండా రాదు. మన పేరుతోనే మొదలుపెడదాం. 'కామాటి' అనడానికి కె, ఇ, సి, ఇ, ఆపైన ఊర్ధ్వకామా కీ, ఎఫ్. మరాఠీ వర్ణక్రమానికి మొదటి నాలుగూ అవే. ఐదవది షిఫ్టుతో, ఆరవది ఎఫ్ బదులు దాని పైవరసలోని ఆర్. కనుక మరాఠీ ఫైలును తెలుగులోకి మారిస్తే కనబడేది 'కామాఠీపురా'. అలాగే నగరం పేరు 'ముంబఈ' అవుతుంది. మరాఠీలో పదం చివర పలకని అకారానికి పొల్లు రాయరు కనుక చాళ్ కాస్తా 'చాళ' అవుతుంది. వీటన్నిటికంటె పెద్ద చిక్కు హ్రస్వ ఎ, ఒ లది. మరాఠీ రాతలో అవి లేవు. ఇన్‌స్క్రిప్టులో వాటికి కీలు ఉన్నా మరాఠీ నేర్చిన చేయి ఆ కీల మీదికి పోదు. చెప్పు 'చేప్పు' అవుతుంది, కొడుకు 'కోడుకు' అవుతాడు. తెగకూ తేగకూ, కొనకూ కోనకూ భేదం పోతుంది. చదివే పెద్దలు సందర్భాన్ని బట్టి సరిచేసుకుంటారు. దంత్య చ, జ ల విషయంలో మాత్రం పేచీ రాదు. రెండు భాషలలోనూ ఆ ధ్వనులు ఉన్నాయి, రెండు భాషలూ వాటిని వేరే అక్షరంతో రాయవు.

యంత్రం వైపు నుంచి కూడా ఒక చిక్కు ఉండేది. వర్డ్‌స్టార్ పాత వెర్షన్లు, 'డాక్యుమెంట్' పద్ధతిలో రాసిన ఫైలులో ప్రతి మాట చివరి అక్షరానికి 128 కలిపి దాచుకునేవి. పంక్తులను సర్దడానికి అది దాని గుర్తు. ఇంగ్లీషు అక్షరాలన్నీ 128 లోపే కనుక వారికి ఇబ్బంది లేదు. ఇస్కీ అక్షరాలన్నీ 128 పైనే. ఈ రెండు ఏర్పాట్లు ఒకే ఒరలో ఇమడవు. తెలుగు రాయడానికి క్షేమమైనది 'నాన్-డాక్యుమెంట్' పద్ధతి, అంటే అలంకారాలేమీ లేని ఉత్త పాఠ్యం. తరువాతి కాలంలో వర్డ్‌స్టార్ ఫైళ్ళను శుభ్రం చేస్తామని వచ్చిన చిన్న ప్రోగ్రాములు అన్ని సంఖ్యల నుంచి 128 తీసివేసేవి. ఇంగ్లీషు బాగుపడేది. 179 కాస్తా 51 అవుతుంది, అంటే అంకె 3. 'కామాటి' అన్న మాట 3, పెద్ద జెడ్, పెద్ద ఎల్, మళ్ళీ జెడ్, సమాన చిహ్నం, చదరపు బ్రాకెట్టు అయి కూర్చుంటుంది. చూసినవారు చెత్త అనుకుని చెరిపివేయడం సహజం.

ఇదే కాలంలో అమెరికాలోని తెలుగు విద్యార్థులు వేరే దారి పట్టారు. రైస్ విశ్వవిద్యాలయంలో రామారావు కన్నెగంటి, ఆనంద కిశోర్ రూపొందించిన ఆర్.టి.ఎస్. పద్ధతిలో తెలుగును రోమన్ అక్షరాలతో రాసేవారు. వి.ఐ., ఈమాక్స్ వంటి, మౌసు లేని ఏ ఎడిటరులోనైనా అది సాగుతుంది. ముక్కవిల్లి దంపతులు తయారుచేసిన తెలుగుటెక్ వంటి సాధనాలతో అచ్చుకు తెలుగు లిపి వచ్చేది. అది ఇంగ్లీషు చదువు ఉన్నవారి వంతెన, చాలా కాలం నిలిచిన వంతెన. చవకైనది కూడా, ఏ కార్డూ అక్కరలేదు. ఐతే దాని మీద నడవడానికి పెద్ద అక్షరం ఎప్పుడు, చిన్న అక్షరం ఎప్పుడు అన్న నియమాలు నేర్వాలి. నాగరి చేతికి అలాంటి బెడద లేదు.

1990ల మధ్యకు విండోస్ వచ్చింది, దానితోపాటు డి.టి.పి. షాపులు వచ్చాయి. పుణె నుంచి శ్రీలిపి, బెంగుళూరు నుంచి ఆకృతి, హైదరాబాదు నుంచి అను. అచ్చు అందం పెరిగింది, ఇది కాదనలేము. జిస్ట్ అక్షరాల పక్కన పెడితే శుభలేఖ కళకళలాడింది. కాని ఈ ఫాంట్లు వర్ణాన్ని దాచలేదు, ఆకారాన్ని దాచాయి. తలకట్టు ఒక సంఖ్య, కొమ్ము ఒక సంఖ్య, క్రిందివత్తు ఒక సంఖ్య, అదీ ఒక్కొక్క సంస్థకు ఒక్కొక్క వరసలో. ఒక షాపులో చేసిన తెలుగు ఫైలు పక్క షాపులో తెరిస్తే ఇంగ్లీషు గుర్తుల గందరగోళం. మరాఠీ ఫైలును తెలుగుగా చూపడమన్న మాటే లేదు. నాగరి చేతి వంతెన ఈ అందం కింద కూలింది. ప్రచురణ చరిత్ర వ్రాసినవారు ఈ దశను తెలుగు కంప్యూటరు రాతకు స్వర్ణయుగంగా చెబుతుంటారు. హైదరాబాదు నుంచి చూస్తే అది నిజం కావచ్చు.

ఒకందుకు సంతోషించాలి. యూనికోడ్ తన భారతీయ లిపులను 1988 నాటి ఇస్కీ వరస మీదనే అమర్చింది. లిపికొక వేరే గది ఇచ్చినా గదుల లోపలి అమరిక ఒక్కటే. నాగరి క సంఖ్య 2325, తెలుగు క సంఖ్య 3093. రెండు లిపులలోనూ ఉన్న ఏ నాగరి వర్ణానికైనా 768 కలపండి, ఆ తెలుగు వర్ణం వస్తుంది. పాత తోబుట్టువు వరస ఆ విధంగా ఇంకా లోపల ఉన్నది. ఇంకొక యాదృచ్ఛిక విషయం కూడా చెప్పాలి. 2001లో విండోస్ ఎక్స్.పి.తో పాటు లక్షల ఇళ్ళకు చేరిన 'గౌతమి' అనే తెలుగు ఫాంటు ఆర్. కె. జోషి నిర్దేశంలో తయారైనది. ఆ మరాఠీ అక్షరశిల్పి ముంబయి జుహూలోని జాతీయ సాఫ్ట్‌వేరు కేంద్రంలో పనిచేసినవాడు. గోదావరి పేరు పెట్టుకున్న తెలుగు అక్షరం అరేబియా సముద్రపు ఒడ్డున గీసినది.

ఇక ఫ్లాపీల సంగతి. 360 కిలోబైట్ల ఒక్క పాత ఫ్లాపీలో ఇస్కీ తెలుగు అచ్చులో 150 పుటలకు పైగా పడుతుంది. సంఘాల తీర్మానాలు, చందా జాబితాలు, పెళ్ళిపిలుపులు, నాటకాల ప్రతులు ఇలాంటి వాటికి ఎక్కే సరుకు. వర్లీలో బి.డి.డి. చాళ్ళను కూల్చి ఎత్తైన భవనాలు కడుతున్నారు. కామాటిపురకు కూడా అలాంటి పథకమే రూపుదిద్దుకున్నది. గది ఖాళీ చేసేటప్పుడు ముందుగా పోయేవి కాగితాలు, వాటితోపాటు ఎవరికీ పనికిరాదనుకున్న నల్ల ఫ్లాపీలు. అయస్కాంతపు పూత కూడా ఎల్లకాలం ఉండదు. మా విద్యార్థులలో ముంబయి, భివండి, సోలాపూరు కుటుంబాలవారు ఉన్నారు. ఇంట్లో అడగమని వారితో చెబుతున్నాము.

దొరికిన ఫైలు ఏ భాషదో దాని పేరు చూసి తెలియదు, లిపి గుర్తు కూడా చాలా ఫైళ్ళలో ఉండదు. సంఖ్యలనే చదవాలి. అవి 128 తీసివేసిన సంఖ్యలని తేలితే ముందు దాన్ని తిరిగి కలుపుకోండి. 165, 216, 225 అనే వరస పదే పదే వస్తే అది మరాఠీ 'ఆహే'. మాటల చివర 209, 221 జంట పదే పదే వస్తే అది మన బహువచనపు 'లు', ఫైలు తెలుగు. ఆ తరువాత 224 కోసం వెతకండి. అది హ్రస్వ ఎత్వం. 224లు ధారాళంగా ఉంటే తెలుగు బడికి వెళ్ళిన చేయి ఆ ఫైలు కొట్టింది. 'లు'లు నిండుగా ఉండి, 224 ఒక్కటీ లేక, అన్నీ 225లే అయితే, ఆ చేయి నాగరిది, నోరు తెలుగుది. అటువంటి ఫైలును యూనికోడులోకి మార్చేటప్పుడు 'చేప్పు'ను 'చెప్పు'గా దిద్దవద్దని మా మనవి. దిద్దిన ప్రతి వేరే ఉంచుకోండి, అభ్యంతరం లేదు. దిద్దని ప్రతిలో మాత్రం 225ను 225గానే ఉండనివ్వండి.